ప్లాన్ సిస్టంలో ఉంది, టీచరుకి తెలియదు

(కాలిఫోర్నియాలో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో ఒక స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. శనివారం పూట పిల్లల ఈత క్లాసులు, కూచిపూడి క్లాసులు అటూ ఇటూ సర్దుకుని ఇంతమంది వచ్చారు. వెనక గదిలో మన చిన్నవాళ్లని కనిపెట్టుకుని ఉన్న హైస్కూలు పిల్లలకి ముందుగా నా ధన్యవాదాలు. వాళ్లు లేకపోతే మనలో సగం మందికి ఈ హాల్లో కూర్చునే వీలే ఉండేది కాదు.

నేను ఇక్కడి ప్రభుత్వ బడుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్‌గా చేరి పంతొమ్మిదేళ్లయింది. చేరిన కొత్తలో ఐఈపీని, అంటే ప్రత్యేక అవసరాలున్న బిడ్డ కోసం బడి రాసే చదువు ప్రణాళికని, చేత్తో రాసేవాళ్లం. ఒకదాని కింద ఒకటి మూడు రంగుల కాగితాలు. పైన ఉన్న తెల్లది ఆఫీసుకి, పసుపుపచ్చది టీచరుకి, అడుగున ఉన్న గులాబీ రంగుది తల్లిదండ్రులకి. ఎంత ఒత్తి రాసినా మూడో కాగితం దగ్గరకి వచ్చేసరికి అక్షరాలు మసకబారేవి. ఆ ప్లాన్ అందరికంటే ఎక్కువ ఎవరికి అవసరమో, సరిగ్గా వాళ్ల చేతికే చదవడానికి వీల్లేని కాపీ వెళ్లేది. ఆ గులాబీ కాగితం పట్టుకొచ్చి "మేడమ్, ఇక్కడ ఏం రాశారు?" అని అడిగిన తల్లులు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇప్పుడు ఆ బాధ లేదు. ప్లాన్ మొత్తం ఆన్‌లైన్‌లోనే తయారవుతుంది. మీ ఈమెయిల్‌కి లింకు వస్తుంది. ఫోన్లోనే తెరిచి, వేలితో సంతకం పెట్టి పంపేస్తారు. ఇది మంచి మార్పు. మళ్లీ కాగితాలకి పోదామని చెప్పడానికి నేను రాలేదు. కానీ ఈ పద్ధతిలో ఎక్కడ జాగ్రత్తపడాలో నాకు ఒక పిల్లాడి వల్ల తెలిసింది. ముందు ఆ సంగతి చెబుతాను.

తొమ్మిదేళ్ల బాబు. మన తెలుగువాళ్ల పిల్లాడే. ఆటిజం ఉంది. లెక్కలంటే ప్రాణం. పెద్ద శబ్దాలు మాత్రం తట్టుకోలేడు. అందుకని ప్లాన్‌లో స్పష్టంగా రాసుకున్నాం: ఫైర్ డ్రిల్, అంటే అలారం మోగించి అందరినీ బయటికి పంపే అభ్యాసం, ఉన్నరోజు అయిదు నిమిషాల ముందే వాడికి చెప్పాలి, హెడ్‌ఫోన్లు ఇవ్వాలి, టీచర్లలో ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లాలి. మీటింగ్ జరిగింది, సంతకాలు అయ్యాయి, సిస్టంలో ప్లాన్ లాక్ చేశారు. అన్ని గళ్లలోనూ పచ్చటి టిక్కులు.

నవంబర్‌లో వాడి క్లాస్ టీచర్ ఒంట్లో బాగాలేక వారం రోజులు సెలవు పెట్టారు. సబ్‌స్టిట్యూట్ వచ్చారు. అనుభవం ఉన్నావిడే, పిల్లలంటే ప్రేమ ఉన్నావిడే. అయితే ఆవిడకి సిస్టంలో లాగిన్ లేదు. బాబు గురించి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. గురువారం అలారం మోగింది. బాబు రెండు చెవులూ మూసుకుని బయటికి పరుగు తీశాడు, పార్కింగ్ లాట్ వైపు. నేను నా గది కిటికీలోంచి చూసి వెంట పరిగెత్తాను. ఆగి ఉన్న ఒక కారు చక్రం పక్కన ముడుచుకుని వణుకుతున్నాడు. ఆ క్షణంలో ఏ బండీ కదలలేదు కాబట్టి సరిపోయింది. సాయంత్రం వాళ్ల నాన్నగారు వచ్చారు. అరవలేదు. ఒక్క మాటే అడిగారు: "ఇదంతా రాసుకున్నాం కదా మేడమ్?"

ఆ రాత్రి ఇంటికి వెళ్లి లాగిన్ అయి చూశాను. ఉంది. పదకొండో పేజీలో, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది.

ఫెడరల్ నిబంధనల్లో 300.323 అని ఒక సెక్షన్ ఉంది. పిల్లాడికి పాఠం చెప్పే ప్రతి టీచరుకీ, థెరపీ ఇచ్చే ప్రతి ఒక్కరికీ ప్లాన్ అందుబాటులో ఉండాలి అంటుంది. అక్కడితో ఆగదు. ఆ ప్లాన్ ప్రకారం తమ వంతు పని ఏమిటో, పిల్లాడి కోసం ఏయే సర్దుబాట్లు చెయ్యాలో వాళ్లలో ప్రతి ఒక్కరికీ తెలియజెయ్యాలి అని కూడా అంటుంది. అందుబాటులో ఉంచడం ఒక పని. తెలియజెయ్యడం ఇంకో పని. మొదటిది సాఫ్ట్‌వేర్ చక్కగా చేస్తుంది. రెండోది మనిషే వెళ్లి మనిషికి చెప్పాలి. కాగితాల రోజుల్లో ఫైలు చంకన పెట్టుకుని ఇంకో టీచరు గదికి నడిచి వెళ్లక తప్పేది కాదు. వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర నిలబడి పిల్లాడి గురించి నాలుగు మాటలు చెప్పుకునేవాళ్లం. ఆన్‌లైన్ అయ్యాక "సిస్టంలో ఉందిగా, చూసుకుంటార్లే" అనే ధీమా వచ్చేసింది. ఇవాళ నేను మీతో ముఖ్యంగా చెప్పాలనుకున్నది దీని గురించే.

కొత్తగా ఈ దారిలోకి వచ్చినవాళ్ల కోసం రెండు మాటలు. ఐఈపీ అంటే మీ బిడ్డ ఒక్కరి కోసమే రాసే చదువు ప్రణాళిక. ఇప్పుడు ఎక్కడున్నాడు, ఏడాదిలో ఎక్కడికి చేరాలి, అందుకు బడి ఏమేం ఇస్తుంది, ఇవన్నీ అందులో ఉంటాయి. ఏడాదికి ఒకసారైనా కూర్చుని చూడాలి, మూడేళ్లకోసారి పరీక్షలు మళ్లీ చెయ్యాలి. దీన్ని తెచ్చిన చట్టం మీద ప్రెసిడెంట్ ఫోర్డ్ 1975 నవంబర్ 29న సంతకం పెట్టారు. అంతకు ముందు ఈ దేశంలో వైకల్యం ఉన్న పిల్లల్లో అయిదుగురిలో ఒక్కరికే బడిలో చదువు దొరికేది. ఇప్పుడు ఆ చట్టం కింద దాదాపు 75 లక్షల మంది పిల్లలు సేవలు పొందుతున్నారు. మన వీసా ఏదైనా సరే, పిల్లల చదువు హక్కు దాని మీద ఆధారపడి లేదు. 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కాగితాలు లేని కుటుంబాల పిల్లలకి కూడా బడి తలుపు మూయకూడదని. కాబట్టి "ఐఈపీ అడిగితే గ్రీన్ కార్డుకి ఇబ్బందేమో" అనే టెన్షన్‌తో నెలలకి నెలలు ఆగిపోకండి.

కాగితం నుంచి కంప్యూటర్‌కి ఎందుకు మారామో తెలియాలంటే లాస్ ఏంజెలెస్ సంగతి చెప్పాలి. 1993లో అక్కడ ఒక అమ్మాయి పేరు మీద స్కూల్ డిస్ట్రిక్టు మీద, అంటే అక్కడి ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ మీద, దావా వేశారు. ఆ అమ్మాయి పదో తరగతి రెండుసార్లు తప్పింది. తల్లి సాయం అడిగినా అందలేదు. లోతుగా చూస్తే అది ఒక్క అమ్మాయి గొడవ కాదని తేలింది. అంత పెద్ద డిస్ట్రిక్టులో ఏ పిల్లకి ఏ ప్లాన్ ఉందో, పిల్ల బడి మారితే ఆ ఫైలు ఎక్కడికి పోయిందో గట్టిగా చెప్పగలిగిన ఏర్పాటే లేదు. 1996లో కోర్టు ద్వారా ఒప్పందం కుదిరింది. 2003లో దాన్ని సవరించి, పని జరుగుతోందో లేదో చూడడానికి ఒక స్వతంత్ర పర్యవేక్షకుణ్ణి పెట్టారు. ఆన్‌లైన్ ఐఈపీ వ్యవస్థ అక్కడ నిలదొక్కుకోవడం వెనక ఈ ఒత్తిడి ఉంది. తప్పిపోతున్న పిల్లల్ని వెతికి పట్టుకోవడం కోసం అది వచ్చింది. టీచర్లకి పని తగ్గించడం దాని మొదటి ఉద్దేశం కాదు.

అదే ఒప్పందం నెరవేర్చడానికి ఆ డిస్ట్రిక్టు మొత్తం విద్యార్థుల రికార్డులన్నిటికీ ఒక కొత్త సిస్టం కట్టి, 2014 ఆగస్టులో బడులు తెరిచే వేళకి ఒక్కసారిగా మొదలుపెట్టింది. అది సరిగ్గా పనిచెయ్యలేదు. చాలామంది పిల్లలకి వారాల తరబడి సరైన టైంటేబుల్ లేదు. జెఫర్సన్ హైస్కూల్లో పరిస్థితి కోర్టు దాకా వెళ్లింది. న్యూయార్క్ నగరంలోనూ అంతే. 13 కోట్ల డాలర్లకి పైగా ఖర్చుపెట్టి ఒక ఆన్‌లైన్ సిస్టం పెట్టారు. అందులో వివరాలు ఎక్కించడానికి టీచర్లు రాత్రుళ్లు, శనివారాలు కూర్చోవలసి వచ్చింది. యూనియన్ పోరాడితే, ఆ అదనపు గంటలకి సుమారు 4 కోట్ల డాలర్లు చెల్లించాలని మధ్యవర్తి తీర్పు ఇచ్చారు. ఇవి ఎందుకు చెబుతున్నానంటే, మీటింగ్‌లో టీచరు మీ మొహం చూడకుండా ల్యాప్‌టాప్ వైపే చూస్తుంటే వెంటనే నిర్లక్ష్యం అనుకోవద్దు. ఆ తెర మీద ఒక్క గడి ఖాళీగా ఉన్నా సిస్టం ముందుకి కదలనివ్వదు. "మేడమ్, రెండు నిమిషాలు టైపింగ్ ఆపి మావాడి గురించి చెప్పండి" అని మర్యాదగా అడగండి. నేనైతే అలా అడిగిన తల్లిదండ్రులకి లోపల దండం పెట్టుకుంటాను.

ఇక మీ ఫోన్లో ఉన్న ఆ ప్లాన్ దగ్గరికి వద్దాం.

సంతకం గురించి ముందు చెబుతాను, ఎందుకంటే తొందరపాటు ఎక్కువ జరిగేది అక్కడే. మీటింగ్ ముగియగానే లింకు వస్తుంది. ఆఫీసు కాల్ మధ్యలో ఉంటారు. చివరి పేజీకి జరిపి సంతకం గీసేస్తారు. దయచేసి అలా చెయ్యకండి. మీటింగ్ బల్ల దగ్గరే సంతకం పెట్టి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదు. ఇంటికి తీసుకెళ్లి చదువుతాం అనండి. కాలిఫోర్నియాలో ఇంకో వెసులుబాటు ఉంది: ప్లాన్‌లో కొంత భాగానికి ఒప్పుకుని, మిగతాది ఒప్పుకోవడం లేదని రాయవచ్చు. మీరు ఒప్పుకున్న సేవలు మొదలవుతాయి, మిగతాదాని మీద చర్చ సాగుతుంది. చాలా ఆన్‌లైన్ ఫారాల్లో దీనికి గడి ఉంటుంది, కానీ కింద ఎక్కడో ఉంటుంది. వెతకండి. వేరే రాష్ట్రాల్లో చుట్టాలున్నవాళ్లు ఇది అక్కడికీ వర్తిస్తుందని చెప్పకండి. ఉదాహరణకి న్యూజెర్సీలో మొదటి ప్లాన్‌కి మీ సమ్మతి కావాలి. ఆ తర్వాతి మార్పులు నోటీసు ఇచ్చాక 15 రోజుల్లో మీరు మీడియేషన్ గానీ విచారణ గానీ కోరకపోతే అమల్లోకి వస్తాయి. అక్కడ ఈమెయిల్ తెరవకుండా వదిలేస్తే, మీరు చదివినా చదవకపోయినా మార్పు జరిగిపోతుంది.

నోటీసులు ఈమెయిల్లోనే తీసుకోవాలని కూడా ఎవరూ బలవంతం చెయ్యకూడదు. మీరు కోరుకుంటేనే ఈమెయిల్. కాగితం కాపీ కావాలంటే ఉచితంగా ఇవ్వాలి. ఇంట్లో నానమ్మకో తాతయ్యకో చూపించాలంటే కాగితమే నయం.

గోల్స్ గురించి ఎక్కువసేపు మాట్లాడాలి. సిస్టంలో తయారుగా ఉన్న గోల్స్ చిట్టా ఉంటుంది. టీచరు ఒక మెనూ తెరిచి, వరసలో ఒకటి ఎంచుకుని, పిల్లాడి పేరు పెట్టేయవచ్చు. చేతిరాత రోజుల్లో ప్రతి వాక్యం రాస్తున్నప్పుడు పిల్లాడు కళ్లముందు కదిలేవాడు. ఇప్పుడు ఆ అవసరం లేకుండానే పేజీ నిండిపోతుంది. ఒక అమ్మాయి ప్లాన్ నా దగ్గరకి వచ్చింది. రెండు పేజీలు "ఆమె" అని ఉంది, మూడో పేజీ నుంచి "అతను". ఎవరి ప్లాన్ నుంచో తెచ్చి అతికించారు. ఆ తల్లి సంతకం పెట్టేసింది కూడా, ఎందుకంటే గోల్స్ దాకా చదవలేదు.

మంచి గోల్ ఎలా ఉంటుందంటే: "ఇప్పుడు రెండో తరగతి పాఠం నిమిషానికి 40 మాటలు చదువుతోంది. వచ్చే మార్చికల్లా 70 మాటలు చదవాలి, మూడుసార్లు వరసగా." ఇప్పుడు ఎంత, ఎప్పటికి ఎంత, ఎలా కొలుస్తారు, మూడూ ఉన్నాయి. "చదవడంలో మెరుగుపడుతుంది" అంటే అది గోల్ కాదు, ఆశ. 2017లో ఎండ్రూ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: నామమాత్రపు పురోగతి చాలదు, ఆ బిడ్డ పరిస్థితికి తగిన పురోగతి వచ్చేలా ప్లాన్ ఉండాలి. ఆన్‌లైన్ ఉండడం వల్ల మీకు ఇక్కడ గొప్ప లాభం ఉంది. పోయిన మూడేళ్ల పీడీఎఫ్‌లు పక్కపక్కనే తెరవండి. ఒకే గోల్ మూడేళ్లూ అదే మాటల్లో ఉందంటే, మీటింగ్‌లో మీ మొదటి ప్రశ్న అదే. కాగితాల రోజుల్లో మూడేళ్ల ఫైళ్లు బల్ల మీద పరచుకున్న తల్లిదండ్రులు నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు. ఇప్పుడు ప్రతి ఒక్కరూ ఇంట్లో కూర్చుని చెయ్యవచ్చు.

నిమిషాలు కూడా చూడండి. "స్పీచ్ థెరపీ ఏడాదికి 1,800 నిమిషాలు" అని రాసి ఉంటే, వారానికి ఎన్ని అని అడగండి. ఏడాది లెక్కలో నాలుగు వారాలు థెరపీ జరగకపోయినా ఎవరికీ కనిపించదు. వారం లెక్కలో ఒక్క శుక్రవారం తప్పినా కనిపిస్తుంది. థెరపిస్టు ఏ రోజు ఎంతసేపు పనిచేశారో సిస్టంలో సాధారణంగా నమోదవుతుంది. దానికి ఒక కారణం డబ్బు. 1988 నుంచి ఐఈపీలో ఉన్న కొన్ని వైద్య సేవలకి అర్హులైన పిల్లల విషయంలో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) చెల్లిస్తుంది, రాతపూర్వకమైన లెక్క ఉంటేనే చెల్లిస్తుంది. ఎందుకు రాసినా సరే, ఆ నమోదు మీ బిడ్డ రికార్డులో భాగం. అడిగి తీసుకోండి. కాలిఫోర్నియాలో మీరు అడిగిన అయిదు పనిదినాల్లో రికార్డులు చూపించాలి.

భాష సంగతి. మీటింగ్‌కి బడే ఖర్చు పెట్టుకుని తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని తేవాలి. "మాకు ఇంగ్లీష్ వచ్చు కదా" అని మొహమాటపడతాం. ఆఫీసులో మాట్లాడే ఇంగ్లీష్ వేరు, కన్నబిడ్డ గురించి గొంతు పూడుకుపోతున్నప్పుడు మాట్లాడే భాష వేరు. అడగండి. ప్లాన్ కాపీని కూడా తెలుగులో కావాలని కాలిఫోర్నియాలో అడిగే హక్కు ఉంది. ఫోన్లో అనువాదం నొక్కి సరిపెట్టుకోకండి. ఆక్యుపేషనల్ థెరపీని అది "వృత్తి చికిత్స" అంటుంది. ఒక అమ్మమ్మగారు అది చదివి, నాలుగేళ్ల మనవరాలిని ఏ పనికి పెడుతున్నారో అని రాత్రంతా నిద్రపోలేదు. అది చేతివేళ్లతో పెన్సిలు పట్టుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం నేర్పే థెరపీ అని చెప్పాక ఆవిడ నా చేతులు పట్టుకుని ఏడ్చారు. 2004 సవరణ నుంచి వీడియో ద్వారా మీటింగ్ పెట్టుకునే వీలు చట్టంలోనే ఉంది. 2020 మార్చి తర్వాత అది అందరికీ అలవాటైంది. కాబట్టి ఇండియాలో ఉన్న నాన్నగారు, పిల్లని రోజంతా చూసుకునే అమ్మమ్మ, అందరూ కూర్చోవచ్చు.

ప్లాన్‌లో తల్లిదండ్రుల ఆందోళనలు రాసే గడి ఒకటి ఉంటుంది. మీటింగ్‌లో మీరు పది నిమిషాలు చెప్పింది అందులో ఒక్క లైనుగా మారిపోతుంది. ముందురోజే మీరే రాసి ఈమెయిల్ చెయ్యండి, మా మాటల్లోనే ఎక్కించండి అని అడగండి. "మావాడు ఇంట్లో తెలుగులో అన్నం, నీళ్లు, అక్క అంటాడు, బడిలో ఒక్క మాటా రాదని రాశారు" అని ఒక తల్లి రాసింది. ఆ ఒక్క వాక్యం వల్ల పిల్లాడికి తెలుగులో కూడా పరీక్ష చేశారు. పిల్లాడికి వచ్చిన భాషలో పరీక్షించాలన్నది నిబంధనే, కానీ ఆ భాష సంగతి ఎవరో ఒకరు రాస్తేనే కదా తెలిసేది.

ఇల్లు మారేవాళ్లకి ఒక మాట. ప్రాజెక్టు మారితే ఊరు మారతాం, డిస్ట్రిక్టు మారుతుంది. పాత పోర్టల్ లాగిన్ ఆగిపోవచ్చు. వెళ్లేముందే ప్లాన్లు, పరీక్షల రిపోర్టులు, ప్రోగ్రెస్ రిపోర్టులు అన్నీ దింపుకోండి. కొత్త బడి పాత ప్లాన్‌కి దీటైన సేవలు వెంటనే ఇవ్వాలి, కానీ రికార్డులు వచ్చేదాకా వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. మీ దగ్గర పీడీఎఫ్ ఉంటే మొదటిరోజే ఇవ్వవచ్చు. హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి వెళ్లేవాళ్లు కూడా అలాగే. అక్కడ ఈ ప్లాన్‌కి చట్టబలం ఉండదు. కానీ 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, నిర్దిష్ట అభ్యాస వైకల్యం ఉన్నాయి. యూడీఐడీ కార్డుకి (వికలాంగులకి ఇండియాలో ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు), సీబీఎస్ఈ పరీక్షల్లో గంటకి 20 నిమిషాల అదనపు సమయానికి దరఖాస్తు పెట్టేటప్పుడు డాక్టర్లకీ బడికీ ఈ పాత రిపోర్టులు చూపిస్తే పిల్లల చరిత్ర అంతా మొదటినుంచీ చెప్పుకునే శ్రమ తప్పుతుంది.

భద్రత గురించి కూడా చెప్పాలి. 2024 డిసెంబర్‌లో, బడులు విద్యార్థుల రికార్డులు దాచుకునే పవర్‌స్కూల్ అనే సిస్టంలోకి దొంగలు చొరబడి, అమెరికా అంతటా పెద్ద సంఖ్యలో విద్యార్థుల, టీచర్ల సమాచారం తీసుకుపోయారు. దొంగిలించిన ఒక్క లాగిన్‌తో లోపలికి వెళ్లారు. కంపెనీల సంగతి మన చేతుల్లో లేదు. మన చేతుల్లో ఉన్నది మన వాట్సాప్ గ్రూపు. పిల్లాడి ప్లాన్ స్క్రీన్‌షాట్ తీసి "ఇది సరిగ్గా ఉందా అక్కా?" అని రెండొందల మంది ఉన్న గ్రూపులో పెట్టకండి. పిల్లాడు రేపు పెద్దవాడవుతాడు. వాడి నాలుగో తరగతి కష్టాలు ఎవరికి చెప్పాలో వాడు నిర్ణయించుకోవాలి.

ఆ ఫైర్ డ్రిల్ తర్వాత నేను చేసిన పని చెబుతాను. నా పిల్లలందరికీ ఒక్కొక్క పేజీ తయారుచేశాను. పేరు, ఫోటో, వీడికి ఏది ఇష్టం, దేనికి భయపడతాడు, భయపడితే ఏం చెయ్యాలి, ఎవరిని పిలవాలి. అంతే. ప్రింటు తీసి సబ్‌స్టిట్యూట్ ఫోల్డర్లో పెట్టాను. బస్సు డ్రైవరుకి, క్యాంటీన్‌లో వడ్డించేవాళ్లకి, పీఈ టీచరుకి, వాళ్లకి అవసరమైనంత వరకే విడిగా చెప్పాను. ప్రతి ఆగస్టులో మళ్లీ చెబుతాను. మీరు కూడా బడి తెరిచిన మొదటి వారంలో టీచరుకి ఈమెయిల్ పెట్టండి: "మావాడి ప్లాన్ ఎవరెవరికి చెప్పారు? సబ్‌స్టిట్యూట్ వస్తే ఎలా తెలుస్తుంది?" ఈ రెండు ప్రశ్నలే. జవాబు రాకపోతే మళ్లీ పెట్టండి.

ఆ బాబు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. పోయిన ఏడాది మీటింగ్‌కి తనే వచ్చి, ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, తన ప్లాన్ తనే చదివాడు. శబ్దాల గురించి రాసిన చోట ఆగి, "హెడ్‌ఫోన్లు ఇప్పుడు నా బ్యాగులోనే ఉంటాయి, అది మార్చండి" అన్నాడు. మార్చాం.

హాలు అయిదింటి వరకు మనదే. వెనక టేబుల్ మీద ఆ ఒక్క పేజీ ఖాళీ ఫారాలు పెట్టాను, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. ప్లాన్ చూపించాలనుకునేవాళ్లు ఫోన్లో తెరిచి ఒక్కొక్కరే రండి, ఆ పక్క గదిలో కూర్చుందాం. ముందుగా, చంటిబిడ్డతో నిలబడి ఉన్న ఆ అమ్మని రానివ్వండి.